టైరుకు మెరుగు

విజయదశమినాడు పొద్దున్నే పిఠాపురం వీధుల్లో తిరిగితే ఒక వేడుక చూడవచ్చు. ఇంటింటి ముందూ ఏదో ఒక బండికి స్నానం జరుగుతూ ఉంటుంది. సైకిలు గలవారు సైకిలును, స్కూటరు గలవారు స్కూటరును, కారు గలవారు కారును, రైతులైతే ట్రాక్టరును నీళ్ళు పోసి కడుగుతారు. పసుపు కుంకుమలు పెడతారు. బంతిపూల దండ వేస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. కొత్త కారు కొని పూజకోసం అన్నవరం కొండకు తీసుకుపోయేవారు కూడా ఇంత హడావుడీ చేస్తారు.

అంతా అయిన తరువాత ఒక లోపం బయటపడుతుంది. కారు ఒళ్ళంతా అద్దంలా మెరుస్తున్నది గాని, కాళ్ళు మాత్రం, అనగా టైర్లు, మట్టిరంగులో వెలవెలపోతున్నాయి. "వాటికి కూడా ఏదైనా పూయండి" అంటారు ఇంట్లో ఎవరో ఒకరు. కొబ్బరినూనె అని ఒకరు, బూటు పాలిష్ అని మరొకరు, బజారులో సీసాలో అమ్మే టైరు పాలిష్ అని ఇంకొకరు సలహా చెబుతారు.

ఏది పూయాలి? ఎక్కడ పూయాలి? ఎక్కడ పూయకూడదు? ఇది సింగారానికి సంబంధించిన చిన్న సంగతిలాగే కనిపిస్తుంది. కాని ఇందులో ప్రాణాలమీదికి తెచ్చే సంగతి కూడా ఒకటి ఉన్నది. అది నాకు పన్నెండో ఏట తెలిసివచ్చింది.

అప్పుడు నాకు కొత్తగా ఒక పాత సైకిలు వచ్చింది. అసలు కొత్తది మా అన్నయ్యకు వచ్చింది, వాడి పాతది నాకు వచ్చింది. దసరాకు దాన్ని శుభ్రంగా కడిగాను. ఎంత తుడిచినా టైర్లు మాత్రం నల్లబడలేదు. మా వీధి చివర లారీలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది. అక్కడ ఒక డబ్బాలో, ఇంజనులోనుంచి తీసిన పాత నూనె కాటుకలాగా నిగనిగలాడుతూ ఉండేది. ఎవరూ లేని సమయం చూసి గుడ్డపీలికను అందులో ముంచి తెచ్చి, రెండు టైర్లకూ బాగా పట్టించాను. పూస్తూ ఉంటే కొంత నూనె రిమ్ములకు కూడా అంటింది. "పోనీలే, అవి కూడా మెరుస్తాయి గదా!" అనుకున్నాను.

నిజంగానే సైకిలు కొత్తదానిలా అయింది. నలుగురికీ చూపించాలని ఊరు దాటి బయలుదేరాను. ఏలేరు కాలువ వంతెన ఎక్కి అవతలికి దిగుతూ ఉండగా ఎదురుగా ఒక ఎడ్లబండి వచ్చింది. బ్రేకు పట్టాను. సైకిలు ఆగలేదు. రెండు బ్రేకులూ గట్టిగా బిగించాను. బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టుకుంటే పట్టుకున్నాయి గాని, వెన్నముద్దను గుప్పిట్లో పట్టుకున్నట్టు జారిపోతున్నాయి. ఎడ్లు నా మీదికి వస్తున్నట్టే అనిపించింది. హాండిలు పక్కకు తిప్పాను. నూనె పూసిన టైరు సర్రున జారింది. నేనూ సైకిలూ కలిసి గట్టుమీది తుమ్మకంపలో పడ్డాము. నా అదృష్టం కొద్దీ కాలువలో పడలేదు, ఎడ్ల కాళ్ళ కిందా పడలేదు. మోకాలిమీద ఆనాటి మచ్చ మాత్రం ఇంకా ఉన్నది.

బండితోలే పెద్దాయన దిగివచ్చి నన్ను లేవదీశాడు. నా సైకిలు చక్రాన్ని వేలితో రాసి, వేలు చూసుకుని, "కందెన ఇరుసుకు పూస్తారు గాని చక్రానికి పూస్తారా బాబూ?" అన్నాడు.

కందెన అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, ఎడ్లబండి ఇరుసుకు పూసేవారు. లేకపోతే బండి కిర్రుమని మూలిగేది. ఇరుసు జారవలసిన చోటు. చక్రం నేలను పట్టుకోవలసిన చోటు. ఆ పెద్దాయన అన్న ఒక్క మాటలో టైరు పాలిష్‌ను గురించి తెలుసుకోవలసినదాంట్లో సగం ఉన్నది.

మిగిలిన సగం తెలియాలంటే, అసలు టైరు అంటే ఏమిటో చూడాలి.

రబ్బరుచెట్టు పాలు తెల్లగా ఉంటాయి. ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశపు అడవులు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు అక్కడినుంచి సుమారు 70,000 గింజలను లండనులోని క్యూ తోటకు చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలు సింహళానికీ, మలయాకూ వెళ్ళాయి. ఈనాడు మన దేశంలో రబ్బరు ఎక్కువగా పండేది కేరళలో. మనకు దగ్గరలో మారేడుమిల్లి కొండల్లో కూడా రబ్బరు తోటలు వేశారు. పాలలో మజ్జిగచుక్క వేసి తోడుపెట్టినట్టు, రబ్బరుపాలలో కాస్త ఆమ్లం వేస్తే గడ్డకడుతుంది. ఆ గడ్డనే రేకులుగా నొక్కి ఆరబెడతారు.

కాని ఈ పచ్చి రబ్బరుతో టైరు చేస్తే అది మన రోహిణీకార్తెలో ఒక్కరోజు కూడా నిలవదు. ఎండకు తుమ్మబంకలాగా జిగటగా అయిపోతుంది. చలిదేశాల్లో అయితే బిరుసెక్కి విరిగిపోతుంది. దీనికి మందు కనిపెట్టినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌యియర్. 1839లో అతను గంధకం కలిపిన రబ్బరుకు వేడి తగిలితే అది ఎండకు కరగకుండా, చలికి విరగకుండా, సాగి మళ్ళీ యథాస్థానానికి వచ్చే గుణం సంపాదిస్తుందని కనుగొన్నాడు. రబ్బరు అణువులు పొడుగాటి దారాల వంటివి. గంధకం ఆ దారాలను అక్కడక్కడా ముడివేస్తుంది. ముడులున్న వల సాగుతుంది గాని విడిపోదు గదా! ఇంత పని చేసిన గుడ్‌యియర్ 1860లో అప్పులతో చనిపోయాడు. ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ 1898లో వేరేవారు పెట్టి, గౌరవంగా ఆయన పేరు పెట్టుకున్నది.

టైర్లు మొదట్లో నల్లగా ఉండేవి కావంటే మీరు నమ్ముతారా? తొలి మోటారుకార్ల టైర్లు తెల్లగానో, బూడిదరంగులోనో ఉండేవి. ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ కంపెనీ ప్రకటనల్లో టైర్లు పేర్చి చేసిన ఒక లావుపాటి మనిషి బొమ్మ ఉంటుంది. 1898లో పుట్టిన ఆ బొమ్మ ఈనాటికీ తెల్లగానే ఉన్నది. ఎందుకంటే అది పుట్టేనాటికి టైర్లు నల్లబడలేదు!

నల్లబడింది మసివల్ల. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, కాటుక ఎలా పట్టేవారో చెబుతారు. ఆముదపు దీపంమీద గిన్నె బోర్లిస్తే, గాలి చాలక నూనె సరిగా మండక, మెత్తని మసి గిన్నెకు అంటుకుంటుంది. కర్మాగారాల్లో కూడా ఇంచుమించు ఇదే పని పెద్ద ఎత్తున చేస్తారు. అక్కడ మండేది ఆముదం కాదు, పెట్రోలియం నూనెలు. 1904 ప్రాంతంలో లండనులోని సిల్వర్‌టౌన్‌లో ఉన్న రబ్బరు కర్మాగారంలో, ఈ మసి కలిపిన రబ్బరు చాలా గట్టిగా ఉంటుందని కనుగొన్నారు. 1910 దాటిన తరువాత అమెరికాలో టైర్లకు విరివిగా కలపసాగారు. మసిలేని టైరుకంటే మసి కలిపిన టైరు ఎన్నోరెట్లు ఎక్కువకాలం అరగకుండా నిలిచింది. అంతేకాక ఎండలోని అతినీలలోహిత కిరణాలను మసి తాను మింగి, రబ్బరును కాపాడుతుంది. ఈనాటి కారు టైరు బరువులో అయిదో వంతునుంచి నాలుగో వంతుదాకా మసే. కాబట్టి టైరు నలుపు పైన పూసిన రంగు కాదు, లోపలిదాకా ఉన్న కాటుక. దాన్ని మనం కొత్తగా నల్లబరచనక్కరలేదు. పైన కప్పిన దాన్ని తీసివేస్తే చాలు.

పైన కప్పినదేమిటి? సగం మన రోడ్ల దుమ్ము. ఉప్పాడ బాటలో సముద్రపుగాలి మోసుకొచ్చే ఉప్పు, వానాకాలంలో చేలగట్ల బురద, కోతలప్పుడు ఎగిరే పొట్టు, వీటికి కొదవలేదు. కాని మిగతా సగం టైరు లోపలినుంచే వస్తుంది. ఇది వింతైన సంగతి.

గాలిలో ఓజోను అనే వాయువు కొద్ది కొద్దిగా ఉంటుంది. ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న ఓజోను మనకు మేలే చేస్తుంది గాని, నేలమీద ఉన్నది రబ్బరుకు శత్రువు. సాగి ఉన్న రబ్బరు దారాలను అది పుటుక్కున తెంపుతుంది. వేసవిలో రేగడి చేను బీటలు వారినట్టు పాత టైరు పక్కగోడలు బీటలు వారి ఉండటం మీరు చూసే ఉంటారు. ఈ బీటలు రాకుండా టైరు చేసేటప్పుడే రబ్బరులో మైనమూ, 6-పి.పి.డి. అనే రసాయనమూ కలుపుతారు. అవి మెల్లమెల్లగా పైకి ఊరివచ్చి, ఓజోనుకు తాము ముందుగా ఎరై, రబ్బరును కాపాడతాయి. చక్రం తిరుగుతూ నలుగుతూ ఉంటే బాగా ఊరుతాయి. టైరుమీద కనిపించే ఆ గోధుమరంగు చాలావరకు ఈ రసాయనం గాలికి మారిన రంగే. చూడటానికి మురికి గాని, నిజానికి అది టైరు తొడుక్కున్న కవచం!

అందువల్లనే తిరిగే కారుకంటే తిరగని కారు టైర్లకు చేటు ఎక్కువ. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి, సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే కార్లు మన ఊళ్ళలో ఎన్ని లేవు? అటువంటి కారు టైర్లకు ఎంత మెరుగుపెట్టినా బీటలు మెరుగుకింద దాక్కుంటాయి తప్ప మానవు. ముందు వెలుతురులో టైరు పక్కగోడను పరీక్షగా చూడాలి. దానిమీద ఒక కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే, ఆ టైరు 2019వ సంవత్సరంలో 23వ వారంలో తయారయిందన్నమాట. మీ ఇంట్లో కారు ఉంటే ఈ అంకెలు వెతికి మీ నాన్నగారికి చదివి చెప్పండి. చాలామంది పెద్దవాళ్ళకు ఇది తెలియదు. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న చిన్న దిమ్మెలు కూడా కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే, అది పాలిష్‌కు కాదు, మార్చటానికి సిద్ధమైన టైరు.

టైరు బాగానే ఉన్నదని తేలిన తరువాత ఏం పూయాలో చూద్దాం.

ఇంట్లో ఉన్న నూనెలు పనికిరావు. రబ్బరు చాలా నూనెలను పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బి బలహీనపడుతుంది. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. ఒకే కొలత రబ్బరుబ్యాండ్లు మూడు తీసుకోండి. ఒకటి కొబ్బరినూనెలో, ఒకటి ఆముదంలో వేసి మూతపెట్టండి. మూడోది ఊరికే ఉంచండి. పదిరోజులు పోయాక తీసి, తుడిచి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కొబ్బరినూనెలోది ఉబ్బి మెత్తబడుతుంది. ఆముదంలోది అంతగా మారదు. అన్ని నూనెల్లోనూ ఆముదం దారి వేరు. అందుకే పూర్వం కార్ల బ్రేకు గొట్టాల్లో ఆముదంలో స్పిరిటు కలిపి పోసేవారు; మామూలు నూనె పోస్తే లోపలి రబ్బరు ముక్కలు ఉబ్బిపోయేవి. అలాగని టైరుకు ఆముదం పూయమని చెప్పటం లేదు సుమా! ఆ జిడ్డుకు పిఠాపురం దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది.

ఇక బజారులో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పాలలాగా తెల్లగా ఉంటుంది. దీనిలో సిలికోను అనే పదార్థాన్ని నీటిలో చిలికి కలిపి ఉంచుతారు. నీరు ఆరిపోయి, సన్నని పొర మిగులుతుంది. కొత్త టైరుకు ఉండే మామూలు నలుపు వస్తుంది, పెద్ద తళతళ ఉండదు. రెండోది నూనెలాగా చిక్కగా, తేటగా ఉండి, మూత తియ్యగానే కిరసనాయిలు వంటి వాసన కొడుతుంది. దీనిలో సిలికోనును పెట్రోలియం ద్రావకంలో కరిగిస్తారు. తడి ఆరనట్టు తళతళలాడుతుంది, వానకు కూడా కొంతకాలం నిలుస్తుంది. కాని ఆ ద్రావకం మాటిమాటికీ తగిలితే టైరు తన ఒంట్లో దాచుకున్న మైనాన్ని పోగొట్టుకుంటుంది. పెట్రోలియం సరుకులు టైరుకు పూయవద్దని టైర్లు చేసేవారే చెబుతారు. పైగా ఈ రకాన్ని కాస్త ఎక్కువ పూసి బయలుదేరితే, చక్రం తిరిగే వేగానికి నల్లని చుక్కలు కారు పక్కలంతా చిమ్ముతాయి.

నన్నడిగితే పాలవంటిదే కొనమంటాను. ఆ తళతళ టైరుకు సహజం కాదు. కొత్త టైరును కొట్లో చూడండి, అది అద్దంలాగా ఎక్కడ మెరుస్తుంది? అసలు ఏదీ కొనకుండా, మందులషాపులో దొరికే గ్లిసరిన్‌లో నీళ్ళు కలిపి పూసినా టైరు నల్లగా కనిపిస్తుంది. రబ్బరుకు హాని లేదు. ఒక్క వానకు పోతుంది, అంతే.

పూసే పని నీడలో, చక్రాలు చల్లారిన తరువాత పెట్టుకోవాలి. ముందు సబ్బునీళ్ళు, బిరుసు బ్రష్షు తీసుకుని పక్కగోడలను రుద్దాలి. మొదటిసారి నురుగు టీ రంగులో కారుతుంది. కడిగి మళ్ళీ రుద్దాలి. నురుగు తెల్లగా వచ్చేవరకూ రుద్దితే, ఇక పూయటం అక్కరలేదని మీకే అనిపించవచ్చు. చాలాసార్లు నాకు అలాగే అనిపించింది. పైన చెప్పిన కవచాన్ని కడిగేస్తున్నామే అని భయపడకండి, లోపలినుంచి మళ్ళీ ఊరుతుంది. అయితే వారం వారం ఇంత గట్టిగా తోమటం మంచిది కాదు.

బాగా ఆరిన తరువాత మందును టైరుమీద కాక స్పాంజిమీద పోసుకుని, పలచగా రాయాలి. స్ప్రే కొట్టే డబ్బాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఆ తుంపర టైరుకు మాత్రమే అంటుకుని ఊరుకోదు; వెనక ఉన్న బ్రేకు పళ్ళెంమీద కూడా పడుతుంది. నా సైకిలు రిమ్ముకు నూనె అంటినట్టే అన్నమాట! నేలకు తగిలే భాగానికి, గాడులకు, ఒక్క చుక్క కూడా అంటకూడదు. కారు టైరు ఒక్కొక్కటి రోడ్డును పట్టుకునేది ఇంచుమించు పెద్దవారి అరచెయ్యంత మేర మాత్రమే. అంత పెద్ద బండి అంత చిన్న చోటుమీద ఆగవలసి ఉన్నది. బ్రేకు, క్లచ్చి తొక్కే రబ్బరు పెడళ్ళకు కూడా పూసేవారు ఉన్నారు! చెప్పు జారితే ఏమవుతుందో ఊహించుకోండి.

స్కూటర్లకు, మోటారుసైకిళ్ళకు అసలు పూయకూడదు. అవి మలుపులో పక్కకు వాలుతాయి. వాలినప్పుడు టైరు అంచు కూడా నేలను పట్టుకోవాలి. మీ అన్నయ్యో, బాబాయో బండిని సర్వీసింగుకు ఇచ్చి, నిగనిగలాడే టైర్లతో ఇంటికి వస్తే, కాస్త సబ్బునీళ్ళు మీరే తెచ్చి ఇవ్వండి. మీ సైకిలుకు అయితే నీళ్ళూ సబ్బూ తప్ప మరేమీ వద్దు.

ఆ కడిగిన నీళ్ళ సంగతి కూడా ఒకటి ఉన్నది. అమెరికాలో పశ్చిమ తీరాన కోహో అనే చేప ఉన్నది. మన పులసలాగే అది సముద్రంలోనుంచి వచ్చి, గుడ్లు పెట్టటానికి ఏటికి ఎదురీదుతుంది. వానలు పడగానే పట్టణాల పక్క వాగుల్లో ఈ చేపలు గుంపులు గుంపులుగా చచ్చిపోయేవి. కారణం ఏమిటో చాలా ఏళ్ళు ఎవరికీ అంతుబట్టలేదు. 2020లో శాస్త్రజ్ఞులు దొంగను పట్టుకున్నారు. టైర్లు అరిగి రోడ్డుమీద రాలిన పొడిలోని 6-పి.పి.డి., ఓజోనుతో కలిసి మరో పదార్థంగా మారి, వానతో వాగుల్లోకి చేరుతున్నది. టైరును కాపాడే కవచమే చేపకు విషమయింది! దానికి బదులు ఏది కలపాలా అని ఆ తరువాత పరిశోధనలు మొదలుపెట్టారు. మన చేపల సంగతి ఎలా ఉన్నా, టైర్లు తోమిన టీరంగు నీళ్ళను చెరువులోకో కాలువలోకో వదలటం ఎందుకు? బండిని కాలువ రేవులోకి దింపి కడగటం మన వైపు అలవాటే గాని, ఈ పని ఇంటి దగ్గర, నీళ్ళు మట్టిలో ఇంకే చోట చేసుకోవచ్చు.

మన రాష్ట్రంలోనే ఇప్పుడు పెద్ద టైర్ల కర్మాగారాలు వచ్చాయి. తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో వారిది 2020లో మొదలయింది. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ట్రాక్టర్ల వంటి వాటికి టైర్లు చేసేది 2022లో మొదలయింది. ఎప్పుడైనా మీ బడివారు అటువంటి కర్మాగారానికి తీసుకుపోతే, మసి కలవక ముందు రబ్బరు ఏ రంగులో ఉన్నదో తప్పకుండా అడిగి చూడండి.

మందు రాసిన తరువాత ఒక పావుగంట ఆగి, పొడిగుడ్డతో మరొకసారి తుడవండి. అప్పుడు మీ నోటుబుక్కులోనుంచి ఒక తెల్లకాగితం చించి టైరు పక్కగోడకు అదిమి చూడండి. కాగితానికి నల్లని జిడ్డు అంటితే ఇంకా తుడవాలి. కాగితం తెల్లగానే వస్తే నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టమనండి.